నలభై ఐదు దగ్గర

“మావయ్యకి కాలు వణుకుతోందమ్మా. నా కళ్ళతో నేను చూశా,” అన్నాడు కృష్ణచైతన్య ఫోనులో.

అన్నది తల్లి కోటిరత్నంతోనే. కానీ అన్న చోటు రేపల్లె అవతల రొయ్యల చెరువు గట్టు. గట్టు మీద చెరువు రైతు శివనాగరాజు ఉన్నాడు, అతని కూలీలిద్దరున్నారు, తమాషా చూడ్డానికి వచ్చిన పక్క చెరువులవాళ్ళు ముగ్గురున్నారు. డ్రైవరు సింగరయ్య కారు వెనక తలుపెత్తి, ఊడిపోయిన రెండు సంచుల్లోంచి కారిన ఉప్పునీటిని పాత గుడ్డతో ఒత్తి బయటికి పిండుతున్నాడు. మాట చెవిన పడనట్టు నటించడానికి ఆ గుడ్డ బాగా పనికొచ్చింది.

ఆ రోజు మంగళవారం. తెల్లవారగానే బాపట్ల హేచరీలో ఎక్కించిన రొయ్యపిల్ల సంచులు పన్నెండు. ఒక్కో సంచిలో కాసిని నీళ్ళు, మిగతాదంతా ఆక్సిజను, ఆ నీళ్ళలో కనుబొమ్మ వెంట్రుకంత పిల్లలు వేలకు వేలు. వెనక సీటు పీకేసిన పాత తెల్లకారులో వాటిని నిలబెట్టి రేపల్లె దాకా తేవాలి. నీళ్ళు కుదిపితే పిల్ల నలుగుతుంది. నలిగిన పిల్ల చెరువులో పోసినప్పుడు బాగానే కనిపించి రెండో రోజుకి చచ్చి అడుక్కి చేరుతుంది. అందుకే సింగరయ్య నలభై ఐదు దాటడు. వెనక లారీవాడు హారను మోగించి చంపినా దాటడు.

ఆ మంగళవారం చెరుకుపల్లి దాటాక కారు ఉన్నట్టుండి పట్టేసినట్టు ఆగి, మళ్ళీ ముందుకు దూకింది. ఒకసారి కాదు, అరగంటలో పాతికసార్లు. పక్క సీట్లో ఫోను చూసుకుంటున్న కృష్ణచైతన్య తలెత్తి ముందు రోడ్డును చూశాడు, తర్వాత సింగరయ్య మోకాలిని చూశాడు. మోకాలు ఎగిరెగిరి పడుతోంది. కుర్రాడు బీటెక్ చదివాడు. కంటబడిన ప్రతిదానికీ అక్కడికక్కడే కారణం చెప్పేయకపోతే చదివిన చదువు వృథా అయినట్టుంటుంది అతనికి.

“బండిలో ఏదో ఉంది బాబూ,” అన్నాడు సింగరయ్య గుడ్డ పిండుతూనే.

“ఆడలేక మద్దెల ఓడంటే ఎట్టా మావయ్యా? వయసొచ్చింది. అందులో తప్పేముంది?” అన్నాడు కృష్ణచైతన్య, మర్యాదగానే. ఆ మర్యాదే సింగరయ్యకు పుండు మీద కారంలా తగిలింది.

శివనాగరాజు తెల్ల బేసిన్లోకి ఒక చెంబెడు పిల్ల తీసి, వంగి, ఎన్ని చురుగ్గా ఈదుతున్నాయో చూస్తున్నాడు. “ఈ పది సంచులూ పోయించుకుంటాలే. మళ్ళీ లోడుకి మాత్రం డ్రైవర్ని మార్చమని మీ అమ్మకి చెప్పు,” అన్నాడు తలెత్తకుండానే.

బుధవారం కారును బాపట్లలో పెద్ద గ్యారేజీకి తీసుకెళ్ళారు. కృష్ణచైతన్యే దగ్గరుండి తీసుకెళ్ళాడు. అక్కడ డ్రైవర్లను వరసగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడతారు, బండి తాళం మాత్రం లోపలికెళుతుంది. సింగరయ్య కుర్చీలోంచే చూస్తున్నాడు. టై కట్టుకున్నాయన కారుకు కంప్యూటరు తగిలించాడు. తర్వాత మెకానిక్ ఎక్కి, గేటు దాటగానే ఇంజను అరిచేట్టు తొక్కి, అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అని సింగరయ్యను ఒక్కరూ అడగలేదు. తనంతట తాను లేచి వెళ్ళి చెప్పబోతే, “మీరు కూర్చోండి పెద్దాయనా, రిపోర్టు వస్తుంది,” అన్నారు.

రిపోర్టు వచ్చింది. ఏ లోపమూ లేదని అందులో ఉంది. “డ్రైవింగ్ ఎవరిదో చూసుకోండి సార్,” అని టై ఆయన కృష్ణచైతన్యకు చెప్పాడు, సింగరయ్య పక్కనే ఉండగా.

సాయంత్రం రేపల్లెలో కోటిరత్నం ఇంటి వరండాలో ఆ కాగితం ఆమె చేతికి వెళ్ళింది. కోటిరత్నం చేపలమ్మిన చేత్తోనే రొయ్యపిల్ల వ్యాపారం పెట్టి నిలబడిన మనిషి. మాట పడదు, అన్న మాట వెనక్కి తీసుకోదు. సింగరయ్య ఆమెకు వరసకు అన్న. ఆమె కాగితాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

“శనివారం లోడుంది అన్నయ్యా. జార్జిని రమ్మన్నాను, బండి వాడు తోల్తాడు. నువ్వు హేచరీ దగ్గరుండి సంచులు కట్టించు. నీకిచ్చేదాంట్లో ఏం తేడా రాదు.”

“తేడా రాదా చెల్లెమ్మా?” అన్నాడు సింగరయ్య. ఆమె ఒళ్ళోని కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

“రేపొక్కరోజు బండి నాకివ్వు. తెనాల్లో గౌస్ మొహిద్దీన్‌కి చూపిస్తాను. ఆయన కూడా లేదంటే ఇంక నేను నోరెత్తను.”

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చున్నాడు గానీ కంచం వైపు చూడలేదు. కుడికాలు చాపి, మడమ నేల మీద ఆనించి, వేళ్ళను కొద్దిగా ఎత్తి అలాగే ఉంచాడు. యాక్సిలేటరు మీద పెట్టినట్టే. కాలు కదలడం లేదనిపించింది. మరికాసేపు చూస్తే బొటనవేలు కొంచెం అదిరినట్టనిపించింది. నిజంగా అదిరిందా, చూసి చూసి కళ్ళు అదిరాయా తెలియలేదు. బండిలో ఏదో ఉందని అందరితోనూ వాదించాడు గానీ, లోపల పురుగు దొలుస్తూనే ఉంది. ఒకవేళ కుర్రాడు చూసిందే నిజమైతే?

“ఏంటి, అన్నం మానేసి కాలికేసి అట్టా చూస్తన్నావ్?” అంది భార్య చిట్టి, చేపల పులుసు వడ్డిస్తూ.

“ఏం లేదులే. తిమ్మిరి.”

“రెండ్రోజుల్నుంచీ తిమ్మిరేనా?” అంది చిట్టి. ఊళ్ళో మాట ఆమె దాకా వచ్చే ఉంటుంది. ఇంకేమీ అడగకుండా పులుసులో పెద్దముక్క ఏరి అతని కంచంలో వేసింది.

గురువారం పొద్దున్నే తెనాలి చేరాడు. గౌస్ మొహిద్దీన్ షెడ్డు వేమూరు రోడ్డు మొదట్లోనే ఉంది. రేకుల కింద రెండు కార్లు, బయట వేపచెట్టుకు ఆనించిన ఒక బానెట్టు. గౌస్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“ఇంజను గట్టిదే సింగరయ్యన్నా. నీలాగే,” అన్నాడు నవ్వుతూ. సింగరయ్య నవ్వలేదు. “నాకు కార్బ్యురేటరు ఇవ్వు, కళ్ళకి గంతలు కట్టుకుని విప్పుతా. ఈ వైర్లు, సెన్సార్లు మాత్రం నా వల్ల కాదు. నాజియా చూస్తది.”

నాజియా గౌస్ కూతురు. ఇరవయ్యేడేళ్ళుంటాయి. చున్నీ నడుముకి బిగించి, చేతులు మోచేతుల దాకా మడిచి, ఇంకో కారు కింద నుంచి బయటికొచ్చింది. చేతులు తుడుచుకుంటూనే అడిగింది: “ఏ స్పీడులో వస్తంది బాబాయ్?”

మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈ పిల్ల.

“నలభై ఐదు. టాప్ గేర్లో. రోడ్డు సాపుగా ఉండి, కాలు కదపకుండా పోతంటే వస్తది. ఊళ్ళో రాదు. గట్టిగా తొక్కితే రాదు.”

“చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?”

“వేడెక్కాక. ఎండెక్కే కొద్దీ ఎక్కువమ్మా.”

“అయితే పదండి. మీరు తోలండి, నేను పక్కన కూర్చుంటా.”

“నేనా?” అన్నాడు సింగరయ్య. మెకానిక్ ఉండగా డ్రైవరు తోలడం అతను ఎక్కడా చూడలేదు. బండి షెడ్డుకొచ్చిందంటే తాళం మెకానిక్‌దే, అది అన్నిచోట్లా ఉన్న ఆచారం. కానీ అతన్ని ఆపింది ఆచారం కాదు, భయం. ఈ పిల్ల కూడా పక్కన కూర్చుని తన మోకాలికేసి చూస్తే?

“మీ కాలికొచ్చే జబ్బు నా కాలికెట్టా దొరుకుద్ది?” అంది నాజియా తలుపు తీస్తూ. మామూలుగా అన్న మాటే. సింగరయ్య మాత్రం కాలికి జబ్బన్న ముక్కే విన్నాడు.

వేమూరు రోడ్డు మీద జంపని దగ్గర పడుతుండగా మొదలైంది. పట్టేయడం, దూకడం. సింగరయ్య పళ్ళు బిగబట్టి కాలును అలాగే ఉంచాడు. నాజియా కాలి వైపు చూడలేదు. స్పీడు ముల్లునే చూస్తోంది.

“కొంచెం పెంచండి. యాభై... ఆగిపోయింది కదా. ఇప్పుడు తగ్గించండి. నలభై... లేదు. మళ్ళీ నలభై ఐదుకి తీసుకురండి.”

తెచ్చాడు. కారు మళ్ళీ ఎగిరింది.

“ఆపండి, నేను తోల్తా,” అంది. ఇద్దరూ సీట్లు మారారు. వచ్చిన దారినే తెనాలి వైపు తిప్పి, నలభై ఐదు దగ్గర కాలు నిలిపింది. పావు కిలోమీటరు బాగానే వెళ్ళింది. అయితే నా కాలేనా అనుకున్నాడు సింగరయ్య. ఆ తర్వాత కారు పట్టేసి, దూకింది. ఇంకోసారి. ఇంకోసారి. కారుతో పాటు నాజియా మోకాలు కూడా ఎగిరెగిరి పడింది.

సింగరయ్య ఆ మోకాలినే చూస్తున్నాడు. ఆడపిల్ల కాలికేసి అలా చూడకూడదని కూడా తోచలేదు.

“ఏంటి బాబాయ్?”

“నీ కాలు కూడా ఎగురుతోందమ్మా.”

“బండి ఎగిరితే కాలు ఎగరదా?” అంది నాజియా, ఇది కూడా చెప్పాలా అన్నట్టు. మూడు రోజులుగా సింగరయ్య గుండెల మీద కూర్చున్న బండరాయి ఆ ఒక్క మాటకి పక్కకి దొర్లింది. కిటికీ అద్దం దించి ముఖానికి గాలి తగలనిచ్చాడు. ఏడవాలో నవ్వాలో తెలియక, “జాగ్రత్తమ్మా, ముందు గేదెలు,” అన్నాడు.

షెడ్డులో నాజియా బానెట్టెత్తి, గాలి వెళ్ళే గొట్టం చివర యాక్సిలేటరు కమ్మీ తగిలించిన చోట, పక్కకు అంటుకుని ఉన్న నల్లటి డబ్బీని చూపించింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. “థ్రాటిల్ సెన్సారు. మీ కాలు ఎంత తొక్కిందో ఇంజను కంప్యూటరుకి చెప్పేది ఇదే. అది చెప్పినదాన్ని బట్టే పెట్రోలు. ఇదే అబద్ధం చెప్తందని నా అనుమానం.”

“బాపట్లలో కంప్యూటరు పెట్టారుగా. దొరకలేదే?”

“తప్పు కాసేపు నిలబడితేనే కంప్యూటరు రాసుకుంటది. ఇది రెప్పపాటులో వచ్చి పోతంది. దీనికి ముల్లు మీటరే కావాలి,” అంటూ లోపలి బీరువాలోంచి గౌస్ పాత మీటరు తెచ్చింది. అంకెలు కనిపించేది కాదు, గడియారంలా ముల్లు తిరిగేది. సెన్సారు వైరు వెనక సందులోకి ఒక గుండుసూది గుచ్చి, దానికి మీటరు తగిలించి, సింగరయ్యకు కనిపించేట్టు అద్దం మీద నిలబెట్టింది.

“ఇంజను వద్దు, తాళం ఒక్కటి తిప్పండి. ఇప్పుడు నిదానంగా తొక్కండి. నిద్రపోయే చంటిపిల్ల పక్కలోంచి తల్లి లేచినంత నిదానంగా.”

సింగరయ్య తొక్కాడు. ముల్లు సున్నా దగ్గర నుంచి లేచి మెల్లగా పైకి పాకింది. ఒకటి దాటింది. ఇంకొంచెం పాకి, ఉన్నట్టుండి దబ్బున సున్నాకి పడిపోయింది. కాలు వెంట్రుకవాసి ముందుకు జరపగానే మళ్ళీ లేచి ఏమీ ఎరగనట్టు పైకి పోయింది.

“మళ్ళీ,” అంది నాజియా.

ఆరుసార్లు తొక్కాడు. ఆరుసార్లూ ముల్లు అక్కడే పడింది. ఏడోసారి సింగరయ్య కళ్ళు మూసుకుని తొక్కి, ఒకచోట కాలు ఆపి, “ఇది నలభై ఐదమ్మా,” అన్నాడు.

నాజియా మీటరు చూసింది. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. ఇంజను లేదు, రోడ్డు లేదు, స్పీడు ముల్లు లేదు. ఆ కాలికి ఎలా తెలిసిందని ఆమె సింగరయ్యను కొత్తగా చూసింది. గౌస్ కూడా చేస్తున్న పని ఆపి దగ్గరికొచ్చాడు. “ఇంకోసారి చూపించన్నా,” అన్నాడు. సింగరయ్య కళ్ళు మూసుకుని ఇంకోసారి చూపించాడు.

కొత్త సెన్సారు మర్నాడు విజయవాడ నుంచి బస్సులో వచ్చింది. దాంతో పాటే రేపల్లె ప్యాసింజరు దిగి కోటిరత్నం, కృష్ణచైతన్య వచ్చారు. ఫోనులో సింగరయ్య చెప్పినదాన్ని కృష్ణచైతన్య నమ్మలేదు. తెనాలి షెడ్డులో ఏదో ఒక ముక్క మార్చి చేతులు దులుపుకుంటారని అతని ఉద్దేశం. శుక్రవారం కదా, గౌస్ నమాజుకెళ్ళాడు. షెడ్డులో నాజియా, సింగరయ్య ఉన్నారు.

“ఆయన లేరా?” అన్నాడు కృష్ణచైతన్య.

“ఈ పని నాదేనండి,” అంది నాజియా. పాత సెన్సారు విప్పి, కొత్తది బిగించి, మీటరు పెట్టి ముల్లు ఎక్కడా పడకుండా పైదాకా పాకడం కోటిరత్నానికి చూపించింది. తర్వాత పాతదాన్ని బల్ల మీద పెట్టి, కత్తి మొనతో దాని మూత అంచు చుట్టూ కోసి పైకి లేపింది. లోపల చంద్రవంకలా వంగిన నల్లటి పట్టీ ఉంది. సన్నటి ఇత్తడి వేలు దాని మీద అటూ ఇటూ జరుగుతుంది. పట్టీ అంతా నున్నగా, నల్లగా మెరుస్తోంది. ఒకచోట మాత్రం బియ్యపు గింజంత మేర అరిగిపోయి కింది తెల్లదనం బయటపడింది.

కృష్ణచైతన్య వంగి చూశాడు. తప్పు ఒప్పుకోవడం కంటే కొత్త తప్పు వెతకడం తేలిక. “కాలు తొక్కితే కదిలేది ఇదే కదా. అంటే దీన్ని అరగ్గొట్టింది మావయ్యేనన్నమాట,” అన్నాడు.

“అవునండి. ఆయనే,” అంది నాజియా.

సింగరయ్య తల వాలిపోయింది. నిన్నంతా పక్కనే ఉండి, ఈ పిల్ల కూడా చివరికి ఇంతేనా అనుకున్నాడు. కోటిరత్నం అతని వైపు తిరిగింది.

“చూడండి పిన్నిగారూ,” అంది నాజియా. పట్టీని వెలుతురులోకి తిప్పింది. “ఇట్టాంటివి నేను చాలా విప్పా. ఊళ్ళో తిరిగే బండ్లకి మొదట్లో అరుగుద్ది. ఇష్టమొచ్చినట్టు తోలేవాళ్ళకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గీతలు గీతలుగా పోద్ది. వణికే కాలైతే ఇంత వెడల్పున గీకేసి ఉండేది. దీంట్లో ఇంకెక్కడైనా ఒక్క గీతుందేమో చూడండి. ఒక్కచోటే. ఎన్నేళ్ళు తోలారు బాబాయ్?”

“పద్నాలుగు,” అన్నాడు సింగరయ్య, వినపడీ వినపడకుండా.

“పద్నాలుగేళ్ళు కాలు ఒక్కచోట నిలబెడితే తప్ప ఇట్టా అరగదు. బాపట్ల నుంచి రేపల్లె దాకా బియ్యపు గింజంత కూడా జరగలేదండి ఆ కాలు. ఇట్టాంటిది నేను మొదటిసారి చూట్టం.”

కోటిరత్నం ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. అరిగిన చోట బొటనవేలి గోరు పెట్టి, అటు నున్నదనం, ఇటు నున్నదనం తడిమి చూసింది. చూపు కంటే వేలినే ఎక్కువ నమ్మే మనిషి.

“మా అమ్మ కత్తిపీట కూడా ఇంతే,” అంది చివరికి. “ఒక్కచోటే లోపలికి అరిగిపోయి ఉండేది. చెయ్యి కుదురుగా ఉండేవాళ్ళదే అట్టా అరుగుద్ది. పీటంతా గాట్లు పడిందంటే ఆ చెయ్యి పనిరానిదని అర్థం.” కొడుకు వైపు చూడకుండా జార్జికి ఫోన్ చేసి రేపు రావద్దని చెప్పింది. “రేపు లోడు నువ్వే తోలు అన్నయ్యా.”

సింగరయ్య తల పైకెత్తాడు. ఆమె ముందు ఇన్నేళ్ళలో ఎన్నడూ బేరం పెట్టినవాడు కాదు. ఇప్పుడు గొంతు తనది కాదన్నంత స్థిరంగా వచ్చింది.

“తోల్తా చెల్లెమ్మా. కానీ ఆ మాట చెరువు గట్టు మీద అన్నారు. ఆరుగురు విన్నారు. ఇక్కడ షెడ్డులో తీసేస్తే సరిపోదు.”

కృష్ణచైతన్య ఏదో అనబోయాడు. కోటిరత్నం చెయ్యి అడ్డంపెట్టింది. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు లేని మనిషి, కొంగు భుజం మీదికి లాక్కుని, ఆ బియ్యపు గింజంత తెల్లటి చోటును ఇంకోసారి చూసింది.

“రేపు నేను కూడా ఎక్కుతా,” అంది.

శనివారం పొద్దున బాపట్ల నుంచి పద్నాలుగు సంచులతో కారు బయల్దేరింది. ముందు సీట్లో కోటిరత్నం. వెనక సంచుల మధ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, రెండు చేతులతో నాలుగు సంచుల మూతులు పట్టుకుని కృష్ణచైతన్య. చెరుకుపల్లి వచ్చింది, వెళ్ళింది. సంచుల్లో నీళ్ళు కదలలేదు. లారీలు, ఆటోలు, ఆఖరికి కల్లుకుండలు కట్టుకున్న ఒక మోపెడ్డు కూడా వాళ్ళను దాటిపోయింది. కోటిరత్నం స్పీడు ముల్లును చూస్తూనే ఉంది.

గట్టు మీద శివనాగరాజు తెల్ల బేసిన్ పట్టుకుని ఎదురొచ్చాడు. సింగరయ్యను డ్రైవరు సీట్లో చూసి ముఖం చిట్లించాడు. ఈలోగా అటువైపు తలుపు తీసుకుని కోటిరత్నం దిగింది.

“శివనాగరాజూ, నీ మనుషుల్ని పిలువు. ఆ పక్క చెరువులవాళ్ళని కూడా.”

“ఏంటక్కా, ఏమైంది?”

“పిలువు.”

వచ్చారు. మంగళవారం విన్న ఆరుగురూ వచ్చారు. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు కూడా చేరారు.

“మొన్న మా వాడు ఇక్కడ నిలబడి, ఈ అన్నయ్య కాలు వణుకుతోందన్నాడు. నేను కూడా నమ్మాను. తప్పు. వణికింది బండి. ఈయన పద్నాలుగేళ్ళు కాలు ఒక్కచోట పెట్టి తోలితే బండిలో సామాను అరిగిపోయింది గానీ కాలు చెక్కుచెదర్లేదు. ఇంకెవరన్నా ఆ మాటంటే నేనన్నానని చెప్పండి, నా దగ్గరికి రమ్మనండి.” అని కొడుకు వైపు తిరిగింది. “నువ్వు?”

కృష్ణచైతన్య సంచుల మధ్య నుంచి దిగి, తిమ్మిరెక్కిన కాళ్ళతో తూలుతూ నిలబడ్డాడు. “నాదే తప్పు మావయ్యా. చూసింది చూసినట్టే అనేశాను, అడగలేదు,” అన్నాడు. అందరికీ వినిపించేట్టే అన్నాడు.

శివనాగరాజు బేసిన్ కింద పెట్టేశాడు. డ్రైవర్ని మార్చమన్నది తానే కదా, సింగరయ్య ముఖంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు.

సింగరయ్యకు గర్వంగా ఉంది. అంత గర్వం అతను ఎన్నడూ ఎరగడు. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు, దాచుకోవాలని కూడా అనిపించలేదు. గట్టు మీద ఉన్నవాళ్ళందరి ముఖాల్లోకీ ఒక్కొక్కరిగా, తీరిగ్గా చూశాడు. తర్వాత ఆకాశంకేసి చూశాడు.

“ఎండెక్కుతోంది. చూస్తారేంటి? పిల్ల వేడెక్కిపోద్ది, ముందు సంచులు దించండి,” అన్నాడు.

ఎనిమిది మందీ కదిలారు. అందరికంటే ముందు కోటిరత్నం చీర ఎగ్గట్టి ఒక సంచి ఎత్తుకుంది.